బకెట్ టీంకు అంపైరుగా వెళ్లి

మే నెల చివర్లో చంద్రపూర్ వెళ్తున్నానంటే హనుమకొండలో మా కాలేజీ వాళ్లంతా నన్ను జాలిగా చూశారు. అక్కడి ఎండకు తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుపోతాయని ఒకాయన హెచ్చరించాడు. నిజమే, అంటుకుపోయాయి. నా ఎడమ చెప్పు అడుగుభాగం ఇప్పటికీ లాల్‌పేట్ చౌరస్తాలో ఎక్కడో ఉంది. అయినా ఎండకు భయపడి ఎవరూ ఆ ఊరు మానుకోవద్దు. నాకు అక్కడ జరిగిన నష్టమంతా నేను ఇక్కడి నుంచి మోసుకెళ్లిన సామాను వల్లే జరిగింది. ఒక తెల్ల కోటు, ఒక టోపీ, అట్ట చిరిగిన క్రికెట్ నియమాల పుస్తకం, ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనే నమ్మకం.

నేను జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఆదివారాలు అంపైరింగ్ చేస్తాను. తరగతిలో గంటసేపు అరిచినా వినని పిల్లలు మైదానంలో నేను వేలెత్తితే నోరు మూసుకుని వెళ్లిపోతారు. ఆ రుచి మరిగాను. అందుకే మా బావ రాజమౌళి ఫోన్ చేసి, "ఆడోళ్ల మ్యాచ్ ఉన్నది, బయటి ఊరి అంపైరే కావాల్నట, వస్తవా?" అనగానే ఛార్జీలు ఎవరిస్తారని కూడా అడగకుండా ఒప్పుకున్నాను. అడగనందుకు ఎవరూ ఇవ్వలేదు.

బల్లార్షా బండిలో

కాజీపేటలో ఎక్కిన బండిలో నా ఎదుటి సీటు మీద ఒక కలర్ టీవీ కూర్చుని ఉంది. దాని యజమాని, సిర్పూర్ పెద్దమనిషి, పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరైనా పెట్టె కింద పెట్టమంటే, "నా టికెట్ మీద అది కూసున్నది. నేను నిలబడ్డ. మీకేం తక్లీఫ్?" అంటున్నాడు. ఏడాది కిందట వాళ్ల పక్కింట్లోకి టీవీ వచ్చిందట. అప్పటి నుంచి ఊరి మగపిల్లలంతా ఆదివారం అక్కడే కూర్చుంటున్నారట. అంతకుముందు చెలకల్లో క్రికెట్ ఆడేవాళ్లు, ఇప్పుడు చూస్తున్నారు. "అందుకే నేను ఇంత పెద్దది కొన్న. ఇగ అందరు మా అరుగు మీదికే వస్తరు," అన్నాడు. నేను నవ్వుకుని కిటికీ బయటికి చూశాను. ఆ మాటలో కొందరి బతుకు మునిగిపోయి ఉందని ఆ సాయంత్రం గానీ తెలియలేదు.

బల్లార్షా స్టేషన్ బయట బావ నాకు మొదట పెట్టించింది తర్రీ పోహా. మన అటుకుల ఉప్మానే అనుకోండి. దాని మీద నూనె తేలే ఎర్రటి సెనగల పులుసు గరిటెడు పోస్తారు. ప్లేటు మూడు రూపాయలు. పులుసు ఎన్నిసార్లు అడిగినా ఉచితం. మన దగ్గర హోటల్లో రెండోసారి సాంబారు అడిగితే సర్వరు చూసే చూపు తలుచుకుని, ఇక్కడి మర్యాదకు పొంగిపోయి నేను మూడుసార్లు పోయించుకున్నాను.

"ఇంకోపాలి పోయిచ్చుకుంటవా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"బాగుంది బావా. కారం పెద్దగా లేదే."

"అది ఇప్పుడు తెల్వది. రేపు పొద్దుగాల మాట్లాడుదాం."

మర్నాడు పొద్దున నేను మాట్లాడే స్థితిలో లేను.

బామ్ని

బావ కాగితం మిల్లులో పనిచేస్తాడు. బల్లార్షాను ఆనుకుని ఉన్న బామ్నిలో అద్దె ఇల్లు. మా అక్క అక్కడికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆమె పొరుగింటితో మరాఠీలో, పాలవాడితో హిందీలో పోట్లాడుతుంది. తెలుగును మాత్రం మొగుడి కోసం దాచుకుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి చాప వేసి, నేను ఎవరి ఆటకు తీర్పు చెప్పబోతున్నానో బావ అక్కడే చెప్పాడు.

పేరుకు అది లాల్‌పేట్ లేడీస్ ఎలెవన్. జనం మాత్రం బకెట్ టీం అంటారు. కథ మహాకాళి జాతరలో మొదలైంది. అక్కడ ఒక బంతుల దుకాణం ఉండేది. అర్ధరూపాయికి మూడు బంతులు ఇస్తారు, దూరంగా పాతిన ఒంటి వికెట్‌ను కొడితే ఒక స్టీలు గ్లాసు. లాల్‌పేట్ బొగ్గు బాయిలో పనికోసం మంథని దిక్కు నుంచి వచ్చిన కుటుంబంలోని లచ్చక్క అనే ఆవిడ ఒకనాడు పిల్లలకు గ్లాసొకటి తెద్దామని వెళ్లింది. సాయంత్రానికి దుకాణంలో గ్లాసులు అయిపోయాయి. దుకాణందారు చేతులు జోడించి, "తల్లీ, రేపు రాకుండా ఉండడానికి ఏం తీసుకుంటవు?" అని అడిగాడట.

"రోజుకూలి ఇయ్యి. నీ దిక్కే ఏస్త," అందట లచ్చక్క.

మర్నాడు దుకాణం ముందు కొత్త బోర్డు లేచింది. లచ్చక్క వేసే ఒక ఓవర్‌లో అవుట్ కాకుండా నిలబడిన మగవాడికి స్టీలు బకెట్. జాతర ముగిసే వరకు ఊళ్ల నుంచి మొనగాళ్లు వరుస కట్టారు.

"బకెట్ ఎవరు గెలిచారు బావా?"

"ఎవ్వడు గెల్వలే. గా బకెట్ ఇప్పటికి ఉన్నది. టీం మంచినీళ్లకు అదే."

తర్వాత లచ్చక్క కాలనీ అమ్మాయిలకు నేర్పింది. రాజూరా నుంచి ఆసిఫాబాద్ దాకా ఊళ్లలోని మగ జట్లు వీళ్లను ఫీజు ఇచ్చి పిలిపించుకునేవి. ఓడితే రాత్రి భోజనం కూడా మగవాళ్లదే. ప్రతి ఊళ్లోనూ మగవాళ్లు తామే గెలుస్తామనుకునేవాళ్లు. "మగోని గర్వం మీద బతికిన టీం అది. మస్తు పంట పండింది," అన్నాడు బావ. మొదటి రోజు నుంచి కూలి తీసుకునే ఆడారు. దేశంలో పెద్ద పెద్ద ఆడ క్రికెటర్లు సొంత ఖర్చుతో కిట్లు కొనుక్కుంటున్న కాలంలో వీళ్లు ఆట మీదే పిల్లల ఫీజులు కట్టారు.

కేబుల్ తీగలు వచ్చి ఆ పంట ఎండగొట్టాయి. మగవాళ్లు టీవీ ముందు కూర్చున్నారు, పిలిచేవాళ్లు పోయారు. ఇప్పుడు చంద్రపూర్‌లో టీవీల షోరూం ఉన్న సేఠ్ ఒకాయన ముందుకొచ్చాడు. నాగపూర్ జట్టుతో పద్ధతి ప్రకారం మ్యాచ్ ఆడి గెలిస్తే ఏడాదిపాటు టీం మొత్తానికి నెల జీతం. గెలవకపోతే లేదు.

"లేకుంటే ఏమవుతుంది?"

"వానలు పడంగనే ఎవరి దారి వాళ్లది. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే వేరే కూలి మాట్లాడుకున్నరు," అన్నాడు బావ. తరువాత గొంతు సవరించుకుని, రెండో అంపైరు తనేనని చెప్పాడు. మిల్లులో కాగితం తడి పీల్చే ఉన్ని బట్ట అరిగిపోతే వేలంలో అమ్ముతారు. దాన్ని కొని టీంకు ప్యాడ్లు కుట్టించింది బావే, ఆ హక్కు మీద.

"నీకు నియమాలు తెలుసా బావా?"

"నీకు తెలుసు గదా."

లాల్‌పేట్

మర్నాడు మధ్యాహ్నానికి కాస్త నిలబడగలిగి, ముగ్గురు పట్టే సీటులో అయిదుగురు కూర్చున్న ఆటోలో లాల్‌పేట్ చేరాను. చెప్పు సంగతి అక్కడే జరిగింది. ఒంటి చెప్పుతో కెప్టెన్ ఇంటి ముందు దిగాను.

కెప్టెన్ స్వరూపకు ముప్పై లోపే ఉంటాయి. వరండాలో కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో తెల్ల పైజామా కుడుతోంది. నా కాళ్ల వైపు చూసి లోపలి నుంచి ఒక జత రబ్బరు చెప్పులు తెచ్చి పెట్టింది. ఆ ఇళ్లలో నీళ్లతో పాటు బెల్లం ముక్క ఇస్తారు. మన దగ్గర ఒట్టి నీళ్లే కదా, ఈ అలవాటు మనం తెచ్చుకోవచ్చు. నీళ్లు వచ్చింది మాత్రం ఆ బకెట్లోంచే. అడుగున రెండు సొట్టలున్నాయి.

"మొనగాళ్లు తన్నిపోయిన్రు," అంది బకెట్ తెచ్చినావిడ. నలభై దాటిన లచ్చక్క ఆవిడే. నన్ను కింది నుంచి పైకి చూసి, "ఈ సారేనా తర్రీ మూడుసార్లు తాగింది?" అని స్వరూపను అడిగింది. వార్త నాకంటే ముందే వచ్చింది. తరువాత గిన్నెడు జొన్న గట్క, మజ్జిగ తెచ్చి ముందు పెట్టి, "తిను సార్. రేపు నువ్వు వంగి చూడాలె గద, వంగుతె కష్టమైతది," అంది.

స్వరూప నా పుస్తకం తీసుకుని తిరగేసింది. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదివింది మరాఠీ బడిలో. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. బొమ్మలు మాత్రం చూసింది.

"దీంట్ల హూటర్ గురించి ఏం రాసిండ్రు సార్?"

మ్యాచ్ దుర్గాపూర్‌లో, ఓపెన్‌కాస్ట్ గని పక్క మైదానంలో. అక్కడ రోజూ మధ్యాహ్నం రెండింటికి బొగ్గు కోసం మందు పెట్టి పేలుస్తారు. మొదటి హూటర్ మోగగానే చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా కాంక్రీటు షెడ్డులోకి వెళ్లాలి. పేలుడు తర్వాత మూడో హూటర్ మోగితే బయటికి రావచ్చు. అక్కడివాళ్లు పాకేటప్పుడే ఇది నేర్చుకుంటారు.

"హూటర్ కొడితె బాల్ డెడ్. మేం గట్లనే ఆడుతం," అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను. పిల్లవాడు తప్పు లెక్క చెప్పినప్పుడు నవ్వే నవ్వు అది. "టాస్ దగ్గర చూద్దాం," అన్నాను.

"చూడుండ్రి సార్. మా కడుపు కొట్టింది టీవీలే. ఇప్పుడు టీవీ సేఠ్‌నే బువ్వ పెట్టుమంటున్నం. ఇంకొక్కటి ఏదన్న తిరగబడితె మాకు పోనీకి జాగ లేదు." అదీ నవ్వుతూనే అంది. నా నవ్వులాంటిది కాదు.

దుర్గాపూర్ మైదానం

మైదానంలో గడ్డి కంటే బొగ్గు పొడి ఎక్కువ. నా తెల్ల కోటు మొదటి ఓవర్ ముగిసేసరికి బూడిద రంగుకు వచ్చింది. టికెట్ రెండు రూపాయలు, టీ రూపాయి. సేఠ్ తన షోరూం బోర్డు కింద గొడుగేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

టాస్ దగ్గర స్వరూప మళ్లీ అడిగింది, ఈసారి నాగపూర్ కెప్టెన్ వర్ష ముందు. వర్ష పొడవాటి మనిషి, మాట తక్కువ. "అంపైర్ గారు ఎలా చెబితే అలా," అంది హిందీలో.

నేను గొంతు పెంచాను. ఇద్దరికీ వినబడాలని, వీలైతే సేఠ్‌కూ వినబడాలని. "హూటర్ మోగితే బంతి చావదు. నేను డెడ్ బాల్ అంటేనే చస్తుంది. నేను అనేంతవరకు ఆట నడుస్తున్నట్టే. పుస్తకంలో హూటర్ లేదు."

"మంచిది సార్. మీరు చెప్పినట్టే," అంది స్వరూప.

ఎలాగూ ముప్పై ఓవర్ల మ్యాచ్ రెండింటిలోపే అయిపోతుందని నా ధీమా. లాల్‌పేట్ ముందు ఆడి నూట పన్నెండు చేసింది. నాగపూర్ బాగానే వెంటాడింది. వర్ష కుదురుగా ఆడి అవుటయ్యాక లచ్చక్క ఒక్కొక్కరినీ తిప్పి పంపించింది. ఆవిడ పరుగెత్తదు. నాలుగడుగులు నడిచి, బ్యాట్స్‌మన్‌తో ఏదో మాట్లాడబోతున్నట్టు ఆగి, బంతి వదులుతుంది. చివరికి నాగపూర్ ఆఖరి జంట మిగిలింది. గెలవడానికి అయిదు పరుగులు కావాలి. సేఠ్ కుర్చీలోంచి లేచాడు.

పడమటి వైపు మబ్బు కమ్మి ఉరుముతోంది. చల్లబడిందని నేను సంతోషించాను. మందు నింపిన గుంతల దగ్గర పిడుగు పడితే ప్రమాదమని, ఉరుములు వినబడితే వేళకు ముందే పేల్చేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. వినేవాడిలా కనిపిస్తే చెప్పేవాళ్లేమో.

లచ్చక్క వేసిన బంతిని నాగపూర్ అమ్మాయి గాల్లోకి లేపింది. బంతి చాలా ఎత్తుకు లేచింది. స్వరూప దాని కిందికి వెళ్లి, అరచేతులు పైజామాకు తుడుచుకుని నిలబడింది. ఏడాది జీతం ఆమె చేతుల్లోకి దిగివస్తోంది. అప్పుడు హూటర్ మోగింది.

స్వరూప వెనక్కి తిరిగి పరుగెత్తింది. బంతి ఆమె నిలబడ్డ చోటే పడింది. పదకొండు మందీ పరుగెత్తారు. స్కోరరు, టీవాడు, జనం, గొడుగుతో సహా సేఠ్, అందరూ షెడ్డు వైపే. మా రెండో అంపైరు అందరికంటే ముందున్నాడు. ఇక్కడ నేను వికెట్ల దగ్గరే నిలబడ్డానని రాయాలని చాలా ఉంది. రాయలేను, ఎందుకంటే షెడ్డు గుమ్మంలో బావను దాటుకుని లోపలికి దూరింది నేనే. "డెడ్ బాల్" అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి నేను పరుగుకు వాడుకున్నాను.

షెడ్డులో

"క్యాచ్ ఇడిశిపెడితివి గదనే," అంది లచ్చక్క రొప్పుతూ.

"హూటర్ అక్కా. కాళ్లు ఆగుతయా?" అంది స్వరూప. "నీయి ఆగినయా?"

"నాయి ఎక్కడ ఆగుతయి."

భూమి అదిరింది. గోడల మీది సున్నం రాలి మా తలల మీద పడింది. నేను కోటు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. స్వరూప దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"సార్, మీరు డెడ్ బాల్ అన్నరా?"

"లేదు."

స్వరూప వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. మూడో హూటర్ మోగగానే అందరికంటే ముందు బయటికి నడిచింది.

నాగపూర్ జంట పిచ్ మధ్యలో బోర్లా పడుకుని ఉంది. హూటర్ మోగినా బంతి చావదన్న నా మాట మీద పరుగులు తీస్తూ ఉండగా పేలుడు వినబడి, ఎక్కడివాళ్లు అక్కడ బ్యాట్లు తల మీద పెట్టుకుని పడిపోయారు. ఇంకా లేవలేదు. స్వరూప వాళ్ల వైపు చూడకుండా తిన్నగా బంతి దగ్గరికి వెళ్లింది. తీసుకుంది. తొందర లేకుండా నడిచి వచ్చి, బంతి పట్టుకున్న చేత్తోనే బెయిల్స్ పడగొట్టి, నా వైపు తిరిగింది.

"ఏమంటరు సార్?"

బంతి చచ్చిందా లేదా అనేది అంపైరు ఒక్కడి ఇష్టమని పుస్తకంలోనే ఉంది. కానీ నా ఇష్టం ఏమిటో పొద్దున్నే ఇద్దరు కెప్టెన్ల ముందు గొంతు చించుకుని చెప్పాను. వేలెత్తాను. అంత బరువైన వేలు నేనెప్పుడూ ఎత్తలేదు.

జనం కేకలేశారు. వర్ష నడుచుకుంటూ వచ్చింది. స్వరూప మీద ఆమెకు కోపం లేదు. "పొద్దున మీరు చెప్పింది నేనూ విన్నాను. అవుటే. కానీ వీళ్లు ఎన్ని పరుగులు తీశారు?" అని నన్ను అడిగింది.

నేను బావ వైపు చూశాను. బావ స్కోరరు వైపు చూశాడు. స్కోరరు ఆకాశం వైపు చూశాడు.

"మూడు," అంది దుమ్ము దులుపుకుంటూ ఆ అమ్మాయిల్లో ఒకరు. "నాలుగోదానికి పరుగెత్తుతుంటే పేలింది." అయిదని చెప్పి ఉంటే కాదనగలిగే మనిషి ఆ మైదానంలో ఒక్కరూ లేరు. మూడంటే లాల్‌పేట్ ఒక్క పరుగుతో గెలిచినట్టు.

సేఠ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆయన హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతాడు. "నమ్మకం దుకాణం నాది. ఎండలో నిలబడ్డ అంపైర్ మాట మీద పైసా పెడత. షెడ్డులో గోడ చూసిన అంపైర్ మాట మీద ఎట్ల పెడత? వర్ష బేటీ గెలుపు ఒప్పుకుంటే చెప్పు, ఇప్పుడే సంతకం."

వర్ష ఒప్పుకుంటాననలేదు, ఒప్పుకోననీ అనలేదు. "మా బండి ఎల్లుండి. రేపు మళ్లీ ఆడదాం," అంది.

"ఆడుదాం," అంది స్వరూప వెంటనే.

లచ్చక్క ఆమె మోచేయి పట్టుకుని పక్కకు లాగింది. "గెలిశిన మ్యాచ్ మల్ల ఆడేటోళ్లను నేను యాడ చూడలే. పిచ్చి లేసిందా?"

"అక్కా, నీ బకెట్ కోసం మగోళ్లు మల్ల మల్ల ఎందుకొచ్చిన్రు? ఒక్కనిగ్గూడ నువ్వు దొంగ అవుట్ ఇయ్యలే. గందుకే పైసలిచ్చి మరీ వచ్చిన్రు. రేపు మనల్ని ఎవలన్న పిలవాలంటె గెలుపు సాఫ్‌గ ఉండాలె."

"మరి బెయిల్స్ కొట్టిందెవలే?"

"కొట్టకుంటె ఇయ్యాలనే ఓడిపోదుం గద. సార్ తెరిశిన తలుపే, నేను దూరిన."

సాయంత్రం నేను లాల్‌పేట్ వెళ్లి తప్పంతా నాదేనని చెప్పాను. దారి పొడవునా వాక్యాలు కూర్చుకున్నాను. స్వరూప మిషను ఆపలేదు. "మీ తప్పు తీస్కపోయి మేమేం జేస్కుంటం సార్. రేపు టికెట్ కొనుక్కోని రాండ్రి. రెండు రూపాయలు," అంది.

మళ్లీ దుర్గాపూర్

రాత్రి షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే మైదానానికి వచ్చారు. మనుషులు పిచ్ మీద పడుకున్న మ్యాచ్ అని గనుల్లో వార్త పాకింది. టికెట్ల వరుస ఎంతకూ తరగక ఆట రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. నేను కోటు, టోపీ, పుస్తకం బామ్నిలో వదిలేసి, రబ్బరు చెప్పులతో వరుసలో నిలబడి టికెట్ కొన్నాను. షెడ్డు గుమ్మానికి దగ్గరగా చోటు చూసుకున్నాను. కొన్ని విషయాల్లో మనిషి ఒక్కరోజులో మారడు.

అంపైరు దుర్గాపూర్ బడి డ్రిల్ మాస్టరు. ఆయన దగ్గర పుస్తకం లేదు, విజిల్ ఉంది. ఆటకు ముందు, "హూటర్ కొడితె బాల్ డెడ్, అందరు షెడ్డులకు," అని మరాఠీలో, తెలుగులో ప్రకటించి ముగించాడు.

నాగపూర్‌కు ఇంకా ఇరవై పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి, అప్పుడు వేళ ప్రకారం హూటర్ మోగింది. డ్రిల్ మాస్టరు విజిల్ ఊది, "డెడ్ బాల్," అని రెండు చేతులూ ఊపి, అందరూ వెళ్లాకే తను కదిలాడు. ఆయన లోపలికి వచ్చేసరికి నేను అప్పటికే మూలన కూర్చుని ఉన్నాను.

ఆ విరామంలో టిఫిన్లు విప్పడం వాళ్ల ఆచారమట. అవతలి జట్టుకు ముందు పెట్టి తరువాత తాము తింటారు. జొన్న రొట్టె, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ దంచిన ఠేచా. నాగపూర్ అమ్మాయిలు దాన్ని కోవాలా తిన్నారు. నేను వేలితో నాకి కళ్లు తుడుచుకున్నాను. సేఠ్ ఇరుక్కుని నిలబడి విసనకర్రతో విసురుకుంటున్నాడు. స్వరూప వచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"సేఠ్‌జీ, మూడో హూటర్ దాంక మీరెటు పోలేరు. మాట్లాడుకుందామా?"

"మ్యాచ్ అయినంక మాట్లాడుదాం బేటీ."

"మ్యాచ్ అయినంక గెలిస్తె మా రేటు పెరుగుతది. ఓడితె మీరు కనబడరు. ఇప్పుడు మీకు తెల్వది, నాకు తెల్వది. ఖరీదు చెయ్యనీకి గిదే మంచి టైం."

సేఠ్ నవ్వాడు. స్వరూప నవ్వలేదు. "బయట జనాన్ని చూసిండ్రు గద. గెలుపు చూడనీకి వచ్చిన్రా? ఆట చూడనీకి వచ్చిన్రు. పొద్దటి సంది మీ బోర్డుకు ఎదురుంగ కూసున్నరు. మీ టీవీల ఇది రాదు."

"ఇప్పుడే ఒప్పుకోకండి సేఠ్‌జీ," అంది వర్ష రొట్టె నములుతూ. "ఇంకో అరగంట ఆగితే ఓడిన టీం చవగ్గా దొరుకుతుంది."

లచ్చక్క ఆమె చేతిలో ఇంకో రొట్టె పెట్టింది. "నువ్వు తిను బిడ్డా. మాట్లాడితె పొలమారుతది."

సేఠ్ ఆలోచించి భుజం మీది తువ్వాలు తీశాడు. అక్కడి పశువుల సంతలో బేరం అలాగే చేస్తారు. గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. ఆయన చెయ్యి చాచాడు. స్వరూప తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చింది. సేఠ్ కనుబొమలు లేచాయి, దిగాయి. స్వరూప తల అడ్డంగా ఊపింది. మళ్లీ వేళ్లు కదిలాయి. అప్పుడే బయట పేలింది. సున్నం రాలింది. నేను గోడ వైపు తిరగబోయి ఆగాను. ఆ ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.

"పక్కా," అన్నాడు సేఠ్ చివరికి. "ఏడాది. సాక్షి ఎవరు?"

"అంపైర్ సార్ ఉన్నడు గద," అంది స్వరూప.

అందరూ మూలకు చూశారు. ఈసారి నేను ఉండాల్సిన చోటే ఉన్నాను. మొదటి నుంచీ చివరి వరకూ అంతా చూశాను. తల ఊపాను.

మూడో హూటర్ మోగింది. అందరూ బయటికి వెళ్లి ఆడారు. లాల్‌పేట్ రెండు వికెట్ల తేడాతో ఓడిపోయింది.

సేఠ్ గొడుగు మూసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో కొత్త ఆశ కనిపిస్తోంది. "అంపైర్ సాబ్, మీరు చదువుకున్నోళ్లు. గెలిచిన టీంకు జీతం అన్న గద నేను. షెడ్డులో మాట్లాడినప్పుడు ఆట ఆగి ఉన్నది. డెడ్ బాల్ అని మాస్టర్ అన్నడు. ఆగిన ఆటలో అయిన మాట లెక్కకు వస్తదా?"

స్వరూప కొంచెం దూరంలో ప్యాడ్లు సర్దుతోంది. చేతులు ఆగాయి. ఆమె నా వైపు చూడలేదు.

"మాస్టరు బంతిని డెడ్ అన్నాడు సేఠ్‌జీ," అన్నాను. ఎండలో నిలబడే అన్నాను, అందరికీ వినబడేట్టు. "మీ మాటను ఎవరూ డెడ్ అనలేదు. అది ఇంకా ఆటలోనే ఉంది."

సేఠ్ నన్ను చూశాడు. షెడ్డును చూశాడు. ఇళ్లకు వెళ్లకుండా తన బోర్డు కింద నిలబడి ఇంకా వాదులాడుకుంటున్న జనాన్ని చూశాడు. తరువాత తన మనిషిని పిలిచి, జెర్సీలకు కొలతలు తీసుకోమన్నాడు.

లచ్చక్క ముందు నిలబడింది, రెండు చేతులూ చాచి. "పెద్ద సైజు రాస్కో. టీవీ బొమ్మ పొట్ట మీద పడాలె. నలుగురికి కనబడ్తది."

నేను బకెట్లోంచి ఒక గ్లాసు నీళ్లు తాగి, సాక్షిగా పనికొచ్చాను కదా అనే ధైర్యంతో, నా టికెట్ రెండు రూపాయలు తిరిగి ఇవ్వమని స్వరూపను అడిగాను.

"జీతం తీస్కోని ఆడే టీం సార్ మాది," అంది.

ఇవ్వలేదు.